స్పాట్‌లైట్ (చలనచిత్రం, 2015)

స్పాట్‌లైట్ 2015లో వచ్చిన అమెరికన్ చలనచిత్రం. బోస్టన్ నగరంలో కొందరు కేథలిక్ గురువులు దశాబ్దాలపాటు పిల్లల మీద సాగించిన లైంగిక దురాగతాలనూ, వాటిని అక్కడి అగ్రపీఠం కప్పిపుచ్చిన తీరునూ 'బోస్టన్ గ్లోబ్' దినపత్రిక విలేఖరులు 2001, 2002 సంవత్సరాల్లో బయటపెట్టిన ఉదంతమే దీని కథ. దర్శకుడు టామ్ మెకార్తీ. స్క్రీన్‌ప్లేను ఆయనా, జాష్ సింగరూ కలిసి రాశారు. మైకేల్ కీటన్, మార్క్ రఫలో, రేచల్ మెక్‌ఆడమ్స్, బ్రయన్ డార్సీ జేమ్స్ విలేఖరులుగా, లీవ్ ష్రైబర్ సంపాదకుడిగా, స్టాన్లీ టూచీ బాధితుల వకీలుగా నటించారు. 2015 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించారు. అమెరికాలో నవంబరు 6న విడుదల మొదలైంది. 2016 ఫిబ్రవరి 28న జరిగిన 88వ ఆస్కార్ వేడుకలో ఉత్తమ చిత్రం, ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే అవార్డులు గెలిచింది. సుమారు 2 కోట్ల డాలర్లతో తీస్తే 9 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఒక్క ఫైటూ పాటా లేకుండా, ఆఫీసు గదుల్లో కాగితాలు తిరగేసే మనుషుల గురించి తీసిన బొమ్మకు ఇది చిన్న సంగతి కాదు.

సినిమా పేరు ఆ పత్రికలోని ఒక విభాగం పేరే. 1970లో మొదలైన 'స్పాట్‌లైట్' బృందంలో అప్పటికి నలుగురే ఉన్నారు. రోజువారీ వార్తల హడావుడితో సంబంధం లేకుండా ఒకే విషయం పట్టుకుని నెలల తరబడి తవ్వడం వాళ్ళ పని. తెలుగు పత్రికాఫీసుల్లో ఎడిషన్ టైముకు పరుగులు తీసే రిపోర్టరుకు ఇలాంటి తీరిక కలలో మాట. ఈ కథ బయటికి రావడానికి ఆ తీరికే సగం కారణం.

విచారణ అనే మాట

తెలుగు కేథలిక్కుల వాడుకలో 'పారిష్'ను విచారణ అంటారు. ఒక గుడి, దాని చుట్టూ ఉన్న పల్లెలు, అక్కడి విశ్వాసులు కలిస్తే ఒక విచారణ. వాళ్ళ బాగోగులు విచారించేవాడు విచారణ గురువు. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం, దాని అధిపతి పీఠాధిపతి. పెద్ద నగరాల్లో అగ్రపీఠం. గుడి మెట్లు ఎక్కని తెలుగువాడికి మాత్రం విచారణ అంటే పోలీసులు చేసేదో, కోర్టులో జరిగేదో, ప్రభుత్వం కమిటీ వేసి మరిచిపోయేదో. బోస్టన్ కథను తెలుగులో చెప్పడానికి ఈ రెండర్థాల మాట కంటే దగ్గరి దారి లేదు. మొదటి అర్థంలో విచారణలు అక్కడ వందలున్నాయి. రెండో అర్థంలో విచారణ చెయ్యడానికి పత్రిక రావాల్సి వచ్చింది.

ఒక్క గురువు, ఆరు విచారణలు

సినిమా 1976లో, మంచు కురుస్తున్న రాత్రి, ఒక పోలీసు స్టేషన్లో మొదలవుతుంది. లోపల ఒక తల్లి, ఆమె పిల్లలు. ఆమె పక్కన కూర్చుని ఓదారుస్తున్నది చర్చి పెద్ద. ప్రభుత్వ వకీలు వస్తాడు, పత్రికలవాళ్ళను దగ్గరికి రానివ్వొద్దని చెప్పి పోతాడు. కాసేపటికి గురువును కారెక్కించి తీసుకుపోతారు. కొత్తగా చేరిన కానిస్టేబులుకు సంగతి అర్థం కాదు, పాతవాడికి అంతా తెలుసు. రెండు మూడు నిమిషాల్లో ఇదంతా అయిపోతుంది, ఎవరూ గొంతు పెంచరు.

ఆ కారెక్కిన గురువు జాన్ గేగన్. నిజ జీవితంలో 1962లో గురుపట్టం పొందాడు. 30 ఏళ్ళలో ఆరు విచారణల్లో పనిచేశాడు. 130 మందికి పైగా తమ చిన్నతనంలో అతని చేతుల్లో నలిగిపోయామని తర్వాత చెప్పుకున్నారు. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ అగ్రపీఠం చేసిన పని మనకు కొత్తేమీ కాదు: బదిలీ. మధ్యమధ్య 'అనారోగ్య సెలవు', చికిత్సాలయంలో కొన్నాళ్ళు, డాక్టరు సర్టిఫికెట్టు, మళ్ళీ ఇంకో గుడి. తన కుటుంబంలోని ఏడుగురు పిల్లలు అతని చేతుల్లో నలిగిపోయారని ఒక పెద్దావిడ 1982లో అప్పటి కార్డినల్‌కు ఉత్తరం రాసింది. 1984లో, తర్వాత కార్డినల్ అయిన బెర్నార్డ్ లా బోస్టన్ అగ్రపీఠాధిపతిగా వచ్చాడు. గేగన్ను ధనికుల శివారు వెస్టన్‌లోని సెయింట్ జూలియా విచారణకు పంపాడు. అది సరైన పని కాదని సహాయ పీఠాధిపతి ఒకరు ఆ డిసెంబరులోనే రాతపూర్వకంగా హెచ్చరించాడు. గేగన్ అక్కడ 1993 దాకా ఉన్నాడు. గురుత్వం నుంచి తొలగించింది 1998లో.

బదిలీ ఒక్కటే అయితే ఇన్నేళ్ళు గుట్టుగా సాగేది కాదు. దానికి తోడు చట్టమూ కలిసొచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ధార్మిక సంస్థల మీద వేసే దావాలో నష్టపరిహారం 20 వేల డాలర్లు దాటకూడదన్న నియమం ఉండేది. కోర్టుకు పోతే దక్కేది అంతే, పైగా నలుగురిలో పరువు పోయేది. అందుకని బాధితుల వకీళ్ళు కోర్టు బయటే చర్చితో మాట్లాడుకునేవారు. డబ్బు చేతికందేది, నోరు విప్పనని సంతకం పెట్టాల్సి వచ్చేది. వకీలు తన మూడో వంతు తీసుకునేవాడు. కేసు కోర్టు రిజిస్టరులోకే ఎక్కేది కాదు. ఇలా ఒక్కొక్క కుటుంబం తమ బిడ్డ ఒక్కడికే ఈ గతి పట్టిందనుకుని బతికింది.

కేథలిక్ చర్చి ధర్మశాస్త్రం ప్రకారం ప్రతి మేత్రాసనంలోనూ ఒక రహస్య దస్త్రాల బీరువా ఉండాలి. దాని తాళంచెవి పీఠాధిపతి ఒక్కడి దగ్గరే ఉంటుంది. నైతిక నేరాల కేసుల్లో దోషి చనిపోయినా, తీర్పు వచ్చి పదేళ్ళు గడిచినా ఏటా ఆ కాగితాలను నాశనం చేసి, క్లుప్తంగా సారాంశం, తుది తీర్పు ప్రతి మాత్రం ఉంచుకోవాలన్నది నియమం. కాబట్టి బోస్టన్‌లో ఎవడో గుమస్తా అతితెలివితో కాగితాలు దాచాడనుకోవడం పొరపాటు. దాచడం ఆ వ్యవస్థలో ఒక పద్ధతి.

స్కేలు పెట్టి చదివిన పుస్తకాలు

2001 జూలై చివర మార్టీ బారన్ మయామీ నుంచి వచ్చి గ్లోబ్ సంపాదకుడయ్యాడు. బోస్టన్ అతనికి కొత్త. పైగా యూదుడు. వచ్చిన మొదటి రోజు సమావేశంలోనే, కొద్దిరోజుల కిందట ఐలీన్ మెక్‌నమారా రాసిన కాలమ్ సంగతి ఎత్తాడు. గేగన్ కేసు కాగితాలను కోర్టు సీలు వేసి ఉంచిందనీ, అందులో ఏముందో ఎప్పటికీ తెలియకపోవచ్చనీ ఆ కాలమ్ సారాంశం. తెలియకపోవడమేమిటి, కోర్టుకు వెళ్దాం అన్నాడు బారన్. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరికీ తట్టని మాట అది. పాఠకుల్లో సగానికి మించి కేథలిక్కులే. స్పాట్‌లైట్ బృందం నాయకుడు వాల్టర్ రాబిన్సన్ చదివిన కేథలిక్ బడి అప్పటి గ్లోబ్ ఆఫీసుకు రోడ్డుకు అటుపక్కనే ఉండేది. బాధితుల పక్షాన వాదించే వకీలు మిచెల్ గారబేడియన్ అర్మేనియన్ సంతతివాడు. ఇద్దరు పరాయివాళ్ళు పూనుకుంటే గాని ఊరివాళ్ళకు తమ ఊరు కనపడలేదన్నది సినిమాలో మొదటి నుంచి చివరిదాకా సాగే భావన.

సినిమా మొత్తంలో మనసుకు హత్తుకునే ఘట్టం మాత్రం వేరే ఉంది. ఏటా అగ్రపీఠం గురువుల పట్టిక అచ్చువేస్తుంది. ఎవరు ఏ విచారణలో ఉన్నారన్న మామూలు డైరెక్టరీ. ఆ పాత సంపుటాలు గ్లోబ్ లైబ్రరీలో దుమ్ముపట్టి ఉన్నాయి. విలేఖరులు దిగి వెళ్తే అక్కడ ఎలక చచ్చిన కంపు. అప్పటికే తమకు తెలిసిన నిందితుల పేర్లను ఆ పట్టికల్లో వెతికితే ఒక సంగతి బయటపడుతుంది. ఫిర్యాదు వచ్చిన ఏడాదిలో గుడి పేరు ఉండాల్సిన చోట 'అనారోగ్య సెలవు', 'నియామకం లేదు' లాంటి మాటలుంటాయి. ఆ తర్వాతి ఏడాది కొత్త గుడి. అప్పుడు లెక్క తిరగేస్తారు. పేరు నుంచి మాటకు వెళ్ళడం మాని, ఆ మాటలున్న చోటల్లా పేర్లు ఏరుతారు. స్కేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదువుతూ, నోటుబుక్కులో రాసుకుంటూ, కంప్యూటర్లో గళ్ళు నింపుతూ. అంతకు ముందు రిచర్డ్ సైప్ అనే మాజీ సన్యాసి, గురువుల్లో నూటికి ఆరుగురు ఇలాంటివాళ్ళుంటారని తన పరిశోధన ఆధారంగా వాళ్ళకు చెప్పి ఉంటాడు. బోస్టన్‌లోని 1,500 మంది లెక్కన అది 90. ఎవరికీ నమ్మబుద్ధి కాదు. పుస్తకాలన్నీ అయ్యేసరికి జాబితాలో 87 పేర్లు తేలతాయి.

ఈ సన్నివేశం కందుకూరులో చూస్తే ఎవరూ వివరించనక్కర్లేదు. కోస్తాలోని కందుకూరు సంగతి కాదు, హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డున తుక్కుగూడ దాటాక వచ్చే రంగారెడ్డి జిల్లా కందుకూరు. శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చిన 2008 నుంచీ, ఆ తర్వాత ముచ్చర్ల ఫార్మాసిటీ మాట మొదలైనప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల భూమి తగాదా లేని ఇల్లు అరుదు. ప్లాస్టిక్ కవర్లో పహాణీ జిరాక్సులు పెట్టుకుని తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చునే రైతు చేసే పనీ ఇదే. 1954–55 ఖాస్రా పహాణీ నుంచి ఏడాదికేడాది పట్టాదారు గడి, అనుభవదారు గడి వేలితో తడుముతూ వస్తాడు. నిరుటి దాకా ఉన్న పేరు ఈ ఏడు ఎందుకు లేదు, మధ్యలో ఈ కొత్తవాడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు అని ఆగుతాడు. ఆగిన చోటే కేసు మొదలు. 2020లో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక అనుభవదారు గడి తీసేశారు. ఒక్క గడి పోతే ఎన్ని ప్రశ్నలు అడగడానికి వీల్లేకుండా పోతాయో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. బోస్టన్ అగ్రపీఠం గడి తీసెయ్యలేదు, అందులో అబద్ధం రాసింది. అబద్ధం ప్రతిసారీ ఒకేలా ఉండటంతో దొరికిపోయింది.

తెర మీద ఏముంది, ఏం లేదు

పిల్లల మీద జరిగిన హింసను ఈ సినిమా ఒక్కసారి కూడా చూపించదు. ఫ్లాష్‌బ్యాకులు లేవు. బాధితులు పెద్దవాళ్ళై, కాఫీ హోటల్లోనో పార్కులోనో విలేఖరి ఎదుట కూర్చుని చెప్తారు. మాటలు తడబడతాయి, నవ్వు మొహానికి అతికించుకుంటారు. ఒక బాధితుడితో బృందంలోని విలేఖరి సాషా ఫైఫర్ నడుస్తూ మాట్లాడే ఘట్టంలో వాళ్ళ దారి ఒక గుడి ముందుకు వస్తుంది, పక్కనే పిల్లలు ఆడుకునే చోటు. కెమెరా దాని మీద ఆగి చూడదు. బోస్టన్ వీధుల్ని చూపించినప్పుడల్లా ఇళ్ళ వెనక ఎక్కడో ఒక గోపురం కనిపిస్తుంటుంది. ఛాయాగ్రాహకుడు మసనోబు తకయానగి, సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్ ఇద్దరూ తమ పనితనం కనపడకుండా పనిచేశారు.

తెలుగు తెర మీద విలేఖరి హీరోలు తక్కువేమీ కాదు. 1998 నాటి 'గణేష్'లో వెంకటేష్ ఆరోగ్యశాఖ అవినీతి మీద యుద్ధం చేసే జర్నలిస్టు. 2019 నాటి 'అర్జున్ సురవరం'లో నిఖిల్ దొంగ సర్టిఫికెట్ల ముఠాను పట్టుకునే రిపోర్టరు. ఇద్దరూ చివరికి చెయ్యి చేసుకోవాల్సిందే. కలం బలం సరిపోదని మన కథకులకు గట్టి నమ్మకం. స్పాట్‌లైట్‌లో విలేఖరి చేసే గొప్ప సాహసమేదంటే, కోర్టు గుమస్తా ఇవాళ కుదరదంటే జడ్జి గదిలోకి నేరుగా పోయి ఇవి పబ్లిక్ కాగితాలు, ఇప్పించండి అని అడగడం. తలుపు కొట్టడం, మొహం మీద వేసిన తలుపు ముందు నిలబడి పక్కింటి తలుపు కొట్టడం. బృందంలోని ఇంకో విలేఖరి మాట్ కారల్‌కు ఒకరాత్రి తెలుస్తుంది, అలాంటి గురువుల్ని ఉంచే చికిత్సాలయం తన ఇంటికి కూతవేటు దూరంలోనే ఉందని. వార్త అచ్చయ్యేదాకా ఇరుగుపొరుగుకు చెప్పడానికి లేదు. ఆ ఇంటి ఛాయలకు పోవద్దని ఒక చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాడు, తన పిల్లల కోసం. భారీ డైలాగు రాయాల్సిన చోట దర్శకుడు ఒక చీటీ పెట్టాడు.

విలేఖరుల్ని దేవుళ్ళను చెయ్యకపోవడం దీని ఇంకో సుగుణం. స్క్రిప్టు కోసం తిరుగుతున్నప్పుడు రచయితలకు ఒక పాత కత్తిరింపు దొరికింది. 20 మంది గురువుల పేర్లు చర్చి ముందున్నాయన్న సమాచారం 1993లోనే గ్లోబ్‌కు అందింది. స్థానిక వార్తల పేజీలో చిన్నదిగా వేసి వదిలేశారు. అప్పుడు ఆ విభాగం చూస్తున్నది రాబిన్సనే. సినిమా ఆ నేరాన్ని ఆయన నోటే ఒప్పిస్తుంది. బాధితుల సంఘం నాయకుడు ఫిల్ సవియానో పెట్టె నిండా కాగితాలతో వచ్చి, ఇవన్నీ ఏళ్ళ కిందటే మీకు పంపానని చెప్పే ఘట్టం కూడా ఆ కోవలోదే. అరుస్తాడనో, అతి చేస్తాడనో మనం పక్కనబెట్టే ఫిర్యాదుదారు ప్రతి పత్రికాఫీసుకూ ఒకడుంటాడు.

సీలు ఊడటం

గేగన్ కేసు కాగితాల మీద సీలు తియ్యాలని గ్లోబ్ వేసిన పిటిషన్‌కు జడ్జి కాన్‌స్టన్స్ స్వీనీ 2001 నవంబరులో అనుకూలంగా తీర్పిచ్చింది. ఆమె కూడా కేథలిక్ బడుల్లో చదివినావిడే. చర్చి అప్పీలుకు వెళ్ళి ఓడింది. ఆ తీర్పుకు ముందే సెప్టెంబరు 11 దాడులు జరిగి బృందమంతా కొన్ని వారాలు ఆ పనిలో పడింది. సినిమాలో ఈ విరామం కథను ఆపదు, బిగిస్తుంది. గారబేడియన్ ఈ మధ్యలో ఒక ఎత్తు వేశాడు. చర్చి వకీళ్ళ వాదానికి జవాబుగా వేసిన కాగితాలకు సీలులో ఉన్న పత్రాలనే జతపరిచాడు. దాంతో అవి చట్టప్రకారం ఎవరైనా చూడదగ్గ కాగితాలయ్యాయి. మన కోర్టుల్లో 'సీల్డ్ కవర్' అన్న మాట విని విని అలసిపోయిన పాఠకుడికి ఈ ఎత్తు రుచి తెలుస్తుంది.

మొదటి కథనం 2002 జనవరి 6 ఆదివారం వచ్చింది. ఆ రోజు ముగ్గురు జ్ఞానుల పండుగ. కథనం కింద ఒక ఫోన్ నంబరు వేశారు. ఇంకా చెప్పేవాళ్ళుంటే చెప్పమని. సినిమా ఆ ఫోన్లు మోగడం దగ్గర ముగుస్తుంది. నిజంలో ఆ ఒక్క ఏడాదే గ్లోబ్ దాదాపు 600 కథనాలు వేసింది. జనవరి చివరికల్లా, గత పదేళ్ళలో కనీసం 70 మంది బోస్టన్ గురువుల కేసుల్ని అగ్రపీఠం గుట్టుగా సర్దుబాటు చేసిందని రాసింది. ఆ డిసెంబరు 13న కార్డినల్ లా రాజీనామా చేశాడు. 2003లో పత్రికకు ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ వచ్చింది. అదే ఏడు బోస్టన్ అగ్రపీఠం 552 మందికి 8.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. పిల్లల మీద అత్యాచారం సంగతి తెలిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన వృత్తుల జాబితాలో గురువుల్ని కూడా చేరుస్తూ మసాచుసెట్స్ 2002లో చట్టం మార్చింది. అప్పటిదాకా టీచర్లూ డాక్టర్లూ చెప్పాలి, గురువులు చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత గొలుసు తెగలేదు. 1950 నుంచి 2002 దాకా అమెరికాలో 4,392 మంది గురువుల మీద ఆరోపణలు వచ్చాయని చర్చి తానే చేయించిన జాన్ జే కాలేజీ అధ్యయనం 2004లో తేల్చింది. 2018లో పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ ఒక్క ఆ రాష్ట్రంలోనే 300 మందికి పైగా గురువుల పేర్లు వెల్లడించింది. ఫిర్యాదుల మీద ఎవరు ఎవరికి చెప్పాలో చెప్తూ పోప్ ఫ్రాన్సిస్ 2019 మేలో ప్రపంచమంతటి చర్చికీ వర్తించే నియమావళి విడుదల చేశాడు.

చర్చి సినిమా మీద విరుచుకుపడుతుందని ఎదురుచూసినవాళ్ళకు నిరాశే మిగిలింది. వాటికన్ రేడియో మెచ్చుకుంది. ఇది కేథలిక్ వ్యతిరేక చిత్రం కాదని వాటికన్ పత్రిక 'లొసర్వతోరె రొమానో' రాసింది. అప్పటి మనోవైద్యులే 'నయమైంది, పనికి పంపవచ్చు' అని సర్టిఫికెట్లు ఇచ్చారనీ, సినిమా ఆ వైపు చూడలేదనీ కొందరు కేథలిక్ వ్యాఖ్యాతలు అన్నారు. సర్టిఫికెట్ల మాట నిజమే, కాని వాటిని అడిగి తెప్పించుకున్నది ఎవరన్న ప్రశ్నకు ఆ వాదంలో జవాబు లేదు. న్యాయమైన అభ్యంతరం ఒకటి ఇంకోచోట నుంచి వచ్చింది. తాను అనని మాటలు తన నోట పెట్టి విలన్ను చేశారని బోస్టన్ కాలేజీ ప్రతినిధి ఒకరు గొడవ పెట్టారు. ఆ సంభాషణ కల్పితమేనని పంపిణీ సంస్థ 2016లో ఒప్పుకోవాల్సి వచ్చింది. నిజం కోసం ఇంత పట్టుబట్టిన సినిమాకు అదొక మచ్చ.

తెలుగు నేల

మన దగ్గర ఇలాంటి సినిమా రాలేదు, ఇలాంటి పరిశోధనా జరగలేదు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. చర్చి తగాదా అంటే మనకు తెలిసింది మిషన్ కాంపౌండు స్థలాల అమ్మకాలు, సొసైటీ ఎన్నికలు, ఏళ్ళ తరబడి నడిచే సివిల్ దావాలు. కేథలిక్ వార్తల్లో పెద్ద కలకలం కడప మేత్రాసనంలో రేగింది. 2016 ఏప్రిల్లో పీఠాధిపతి గల్లెల ప్రసాద్‌ను దారికాచి అపహరించి కొట్టి వదిలేశారు. పోలీసులు అరెస్టు చేసినవాళ్ళలో ముగ్గురు గురువులూ ఉన్నారు. తర్వాత నిధుల దుర్వినియోగం తదితర ఆరోపణలతో విశ్వాసులు కొందరు ఆయన మీదే ఫిర్యాదులకెక్కారు. 2018 డిసెంబరులో పోప్ ఆయన రాజీనామాను ఆమోదించాడు. మన పత్రికలు రెండుసార్లూ సంఘటనను రాశాయి. వెనకనున్న కాగితాల జోలికి పెద్దగా పోలేదు.

బదిలీ మాత్రం ఇప్పుడు సముద్రాలు దాటింది. అమెరికాలో గురువుల కొరత. విచారణలున్నాయి, విచారించేవాళ్ళు లేరు. తెలుగు మేత్రాసనాల నుంచీ, మఠాల నుంచీ యువ గురువులు శంషాబాద్‌లో విమానమెక్కి డకోటాలకూ టెక్సాస్‌కూ వెళ్ళి ఊళ్ళకు ఊళ్ళు నిలబెడుతున్నారు. వాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మంది చలికి ఓర్చుకుని, యాసతో కుస్తీ పట్టి, మంచిపేరు తెచ్చుకుంటున్నవాళ్ళే. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒకరి మీద మాత్రం సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీలో 2018లో కేసు పడింది. పదమూడేళ్ళ బాలిక విషయంలో నేరం ఒప్పుకున్నాడు. 2019 మార్చిలో ఆరేళ్ళ జైలుశిక్ష పడింది. అరెస్టు నుంచి శిక్ష దాకా ఆరు నెలలు పట్టలేదు. గేగన్ కాలంలో అతనికి 'అనారోగ్య సెలవు' దొరికి ఉండేది. దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ సౌత్ డకోటా పక్క రాష్ట్రంలో ఉంది. మిన్నెసోటాలో పనిచేసి, నేరం ఒప్పుకుని 2015లో శిక్ష పడిన ఊటీ మేత్రాసనపు గురువు తిరిగొచ్చాక, ఆయన మీది సస్పెన్షన్‌ను 2016లో ఎత్తేశారు. స్పాట్‌లైట్‌కు ఆస్కార్ వచ్చిన సంవత్సరం కూడా అదే.

శంషాబాద్ పేరు ఇప్పుడు చర్చి పటంలోనూ పెద్దదే. కేరళ మూలాలున్న సీరో మలబార్ సభ 2017 అక్టోబరులో ఏర్పడిన తన కొత్త పీఠానికి ఆ పేరే పెట్టింది. అప్పటికి ఏ సీరో మలబార్ మేత్రాసనం కిందికీ రాని భారతదేశమంతా దాని పరిధిలోకి వచ్చింది. లాటిన్ సభ వైపు చూస్తే, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే.

చట్టం విషయంలో మనం బోస్టన్ కంటే వెనకబడి లేం. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. గురువుకూ పాస్టరుకూ మౌల్వీకీ పూజారికీ మినహాయింపు లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి అయితే ఏడాది దాకా జైలు. బిడ్డ వివరాలు బయటపెట్టడానికి పత్రికలకు వీల్లేదు. కేరళలో ఒక మైనరు బాలిక కేసులో కొట్టియూర్ విచారణ గురువుకు 2019లో 20 ఏళ్ళ శిక్ష పడింది ఈ చట్టం కిందే.

గ్లోబ్ కథనాలు మొదలైన ఆ 2002లోనే హర్యానాలోని సిర్సాలో ఒక చిన్న పత్రిక ఇలాంటి పనే చేసింది. 'పూరా సచ్' సంపాదకుడు రామచందర్ ఛత్రపతి, డేరా సచ్చా సౌదాలో సాధ్వీల మీద జరుగుతున్న అత్యాచారాల గురించి పేరులేని ఉత్తరాన్ని అచ్చువేశాడు. నలుగురి బృందం లేదు, వెనక కోర్టు ఖర్చులు పెట్టుకునే యాజమాన్యం లేదు. అక్టోబరులో ఇంటి ముందే కాల్చారు, నవంబరు 21న చనిపోయాడు. సీబీఐ ప్రత్యేక కోర్టు డేరా అధిపతినీ మరో ముగ్గురినీ ఆ హత్యలో దోషులుగా ప్రకటించడానికి 2019 జనవరి దాకా పట్టింది.

తర్వాత

గేగన్‌కు 2002లో ఒక్క కేసులో, పదేళ్ళ బాలుణ్ణి తాకిన నేరానికి, తొమ్మిది నుంచి పదేళ్ళ శిక్ష పడింది. 2003 ఆగస్టు 23న జైల్లో తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. మార్టీ బారన్ 2013లో 'వాషింగ్టన్ పోస్ట్' సంపాదకుడిగా వెళ్ళి 2021లో రిటైరయ్యాడు. ఫిల్ సవియానో 2021 నవంబరులో కన్నుమూశాడు.

కార్డినల్ లాను చర్చి 2004లో రోమ్‌కు పంపింది. అక్కడి నాలుగు ప్రధాన బాసిలికాల్లో ఒకటైన సాంతా మరియా మజ్జోరె ఆలయానికి అధిపతిని చేసింది. సినిమా చివర తెర మీద వచ్చే వాక్యాల్లో ఈ సంగతి ఒకటి. 2017 డిసెంబరు 20న ఆయన రోమ్‌లోనే మరణించాడు. అంత్యక్రియల బలిపూజ సెయింట్ పీటర్స్‌లో జరిగింది. చివరి ఆశీర్వాదం పోప్ ఇచ్చాడు.